బెంగళూరులో ఇంట్లో నేచురల్ డియోడరెంట్లు, క్రీములు చేసి అమ్మే మన తెలుగు అక్కచెల్లెళ్ళకి బహిరంగ లేఖ

నమస్తే అండి,

ఆదివారం అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌసుల్లో, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్, వైట్‌ఫీల్డ్, మారతహళ్ళి వైపు పెట్టే సంతల్లో, వాట్సాప్ గ్రూపుల్లో, డియోడరెంట్ క్రీములు, లిప్ బామ్‌లు, సబ్బులు, ఫేస్ ఆయిళ్ళు ఇంట్లోనే చేసి చిన్న చిన్న గాజు డబ్బాల్లో అమ్ముతున్న మీ అందరికీ ఈ ఉత్తరం. మీలో చాలామంది అనంతపురం, చిత్తూరు, కర్నూలు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్ళే, పిల్లలు పుట్టాక ఉద్యోగం మానేసి సొంతంగా ఏదైనా చేద్దామని ఇది మొదలుపెట్టినవాళ్ళూ ఉన్నారు, స్టాల్ దగ్గర మనం మాట్లాడుకునేదే తెలుగులో కాబట్టి తెలుగులోనే రాస్తున్నా. నేను మీ దగ్గర కొనేదాన్ని, ఇకముందు కూడా కొనాలనే ఉంది. నేను అడిగేది ఒకటే. డబ్బాలో ఏమేం వేశారో మొత్తం, దాచకుండా, మామూలు కంటికి కనిపించే సైజులో డబ్బా మీద రాయండి. అదెందుకు అంత ముఖ్యమో కొంచెం వివరంగా చెప్తాను, ఓపిగ్గా చదవండి.

నేను బజారు స్ప్రేలు మానేసింది, వాటివల్ల క్యాన్సర్ వస్తుందని కొందరు పెట్టే భయంతో కాదు. మా అమ్మకి ఆయాసం ఉంది, పొద్దున నేను బాత్రూమ్‌లో స్ప్రే కొట్టుకుంటే హాల్లో కూర్చున్న ఆవిడకి దగ్గు మొదలయ్యేది. ఆఫీసు క్యాబ్‌లో కూడా అంతే, అద్దాలు మూసి ఏసీ వేసి నలుగురం నాలుగు రకాల సెంట్లతో కూర్చుంటే సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్ దాటేసరికి తల పగిలిపోయేది. సరే, గాల్లోకి లేవనిది, చేత్తో రాసుకునేది ఏదైనా వాడదామని మీ స్టాళ్ళ వైపు వచ్చాను.

మొదట కొన్నది కొబ్బరినూనె, షియా బటర్, ఆరోరూట్ పిండి, వంట సోడా, లావెండర్ నూనె కలిపిన క్రీమ్. నిజం చెప్పాలంటే వాసన విషయంలో అది చాలా బాగా పనిచేసింది, పొద్దున రాసుకుంటే సాయంత్రం ఇంటికొచ్చేదాకా ఏ ఇబ్బందీ లేదు, సంతోషంగా ఆఫీసులో ఇద్దరు ముగ్గురికి చెప్పాను కూడా. కొన్ని వారాలయ్యాక చంకల్లో ఎర్రగా కందడం మొదలైంది, తర్వాత దురద, తర్వాత స్నానం చేస్తుంటే నీళ్ళు తగిలినా మంట, బ్లౌజు చేతులు ఒరుసుకుంటే చెయ్యి కిందికి దించలేకపోయేదాన్ని, చివరికి ఆ చర్మం నల్లబడి గరుకుగా తయారైంది. అమ్మినావిడని అడిగితే "అది డీటాక్స్ అండి, ఇన్నాళ్ళు వాడిన కెమికల్స్ ఒంట్లోంచి బయటికొస్తున్నాయి, ఆపకండి, కొనసాగించండి" అన్నారు. ఆవిడ మంచావిడే, కావాలని అబద్ధం చెప్పలేదు, ఎక్కడో విన్నది నమ్మి చెప్పారు. కానీ ఆ మాట విని ఆపకుండా రాసుకునేవాళ్ళు ఎంతమంది ఉంటారో అని నాకు నిజంగా బాధేస్తుంది. స్కిన్ డాక్టర్ చూడగానే ఇది ఇరిటేషన్, సోడా ఆపేయండి అన్నారు, ఆపాను, మంట తగ్గింది, నలుపు పోవడానికి మాత్రం చాలా టైమ్ పట్టింది.

డీటాక్స్ అనే మాట దయచేసి ఇక ఎవరికీ చెప్పకండి. ఒంట్లో అక్కర్లేనివి బయటికి పంపే పని ముఖ్యంగా లివరుది, కిడ్నీలది, చంకలది కాదు. జరిగేది చాలా సింపుల్. మన చర్మం కొంచెం పులుపు వైపు ఉంటుంది, దాని పీహెచ్ (పులుపుని కొలిచే అంకె, 7 కంటే తక్కువైతే పులుపు, ఎక్కువైతే క్షారం) సుమారు 5, ఆ పులుపే చర్మానికి కాపలా. వంట సోడా నీళ్ళలో కలిస్తే పీహెచ్ 8 దాటుతుంది. చంకల్లో చర్మం పల్చన, పైగా మడత, చెమట, రాపిడి, కొందరికి అప్పుడే షేవ్ చేసుకున్న గీతలు కూడా ఉంటాయి, అలాంటి చోట రోజూ సోడా రుద్దితే ఆ కాపలా మెల్లగా దెబ్బతింటుంది. కొంతమందికి ఏళ్ళ తరబడి వాడినా ఏమీ అవ్వదు, కొంతమందికి నాలాగా అవుతుంది, ఎవరికి అవుతుందో ముందే చెప్పలేం. మనలాంటి రంగు చర్మం మీద ఒకసారి మంట వచ్చి తగ్గితే ఆ చోట నల్లగా మిగిలిపోవడం మామూలు. ఆ నలుపు చూసి మళ్ళీ ఇంకో తెల్లబడే క్రీమ్ కొంటారు, దాని సంగతి తర్వాత చెప్తాను.

అసలు వాసన ఎక్కడిదో కూడా మీరు కొనేవాళ్ళకి చెప్తే బాగుంటుంది. అప్పుడే వచ్చిన చెమటకి దాదాపు వాసన ఉండదు. చంకల్లో ఉండే ఒక రకం గ్రంథులు, అవి పెద్దమనిషి అయ్యే వయసులో పని మొదలుపెడతాయి, వాటి నుంచి వచ్చే దాన్ని అక్కడే ఉండే బాక్టీరియా తిని విరగ్గొట్టినప్పుడు ఆ ఘాటు వాసన పుడుతుంది. కాబట్టి డియోడరెంట్ పని ఆ బాక్టీరియాని తగ్గించడం, లేదా వాసనని పట్టి ఉంచడం. చెమటని ఆపేది వేరే, దాన్ని ఆంటీపర్‌స్పిరెంట్ అంటారు, అందులో ఉండే అల్యూమినియం లవణాలు చెమట రంధ్రాల్లో జిగురులా పట్టి కాసేపు మూసేస్తాయి. మీరు అమ్మేది మొదటి రకం. చంకలు తడుస్తాయి, తడవాలి కూడా, అది ముందే చెప్పండి. చెప్పకపోతే కొన్నవాళ్ళు మర్నాడే కుర్తా మీద తడి మరక చూసి ఇది పనిచెయ్యట్లేదని పడేస్తారు. మీకూ నష్టమే.

అల్యూమినియం గురించి మీ స్టాళ్ళలో పెట్టే బోర్డులు చూస్తే భయమేస్తుంది. రొమ్ము క్యాన్సర్ బొమ్మ వేసి పక్కన మీ డబ్బా ఫోటో పెట్టడం న్యాయం కాదండి. అమెరికాలో నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ గానీ, అమెరికన్ క్యాన్సర్ సొసైటీ గానీ అల్యూమినియం ఉన్న ఆంటీపర్‌స్పిరెంట్లకీ రొమ్ము క్యాన్సర్‌కీ సంబంధం ఉందనడానికి స్పష్టమైన ఆధారం లేదనే చెప్తున్నాయి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళ సంగతి వేరు, అమెరికాలో ఆంటీపర్‌స్పిరెంట్ డబ్బా మీద కిడ్నీ జబ్బుంటే వాడేముందు డాక్టర్ని అడగమని తప్పనిసరిగా రాయాలి. అది నిజమైన జాగ్రత్త, అది చెప్పండి. మా ఫ్లోర్‌లో ఒకావిడ వాళ్ళమ్మ రొమ్ము క్యాన్సర్‌తో పోయారు, అలాంటి బోర్డు చూసి తన వల్లే అమ్మకి వచ్చిందేమో, తనే కదా ఆ రోల్ ఆన్ కొనిచ్చింది అని ఏడ్చింది. ఒక డబ్బా అమ్ముకోవడానికి ఇంకో ఆడమనిషికి అలాంటి నొప్పి పెట్టకూడదు.

పటిక సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. సెలూన్‌లో గడ్డం గీశాక రుద్దే పటికే, దాన్ని నున్నగా కోసి క్రిస్టల్ డియోడరెంట్ అని అమ్ముతున్నారు, పైన "అల్యూమినియం లేదు" అని స్టిక్కర్. పటిక అంటేనే పొటాషియం అల్యూమినియం సల్ఫేట్. పటిక మంచిదే, మా నాన్న జీవితమంతా అదే వాడారు, నేను కూడా కొన్నాళ్ళు వాడాను, వాసన బాగానే ఆపుతుంది, చవక, కేఆర్ మార్కెట్ వైపు ఏ మూలికల కొట్టులో అడిగినా ఇస్తారు. అమ్మండి, తప్పేం లేదు. ఆ స్టిక్కర్ ఒక్కటి పీకెయ్యండి.

ఇంక సువాసన. నన్ను బాగా కలవరపెట్టేది ఇదే. మీ డబ్బాల మీద చివర్లో "ఎసెన్షియల్ ఆయిల్స్" అని రెండు మాటలు ఉంటాయి, కొన్నిటి మీద "ఫ్రాగ్రెన్స్" అని ఒక్క మాట. ఏ నూనె, ఎంత? లావెండర్ నూనెలో లినలూల్ ఉంటుంది, నిమ్మ, నారింజ తొక్కల నూనెల్లో లిమోనీన్ ఉంటుంది, ఇవి గాలి తగిలి పాతబడేకొద్దీ చర్మానికి అలర్జీ తెప్పించే పదార్థాలుగా మారతాయి. టీ ట్రీ ఆయిల్ కూడా అంతే, పాతబడితే ప్రమాదం ఎక్కువ. చెట్టు నుంచి వచ్చింది కదా ఏమవుతుంది అనుకోకూడదు, మన కుంకుడుకాయ చెట్టు నుంచి వచ్చిందే, కళ్ళల్లో పడితే ఎలా ఉంటుందో మన ఊళ్ళల్లో పెరిగిన ప్రతి పిల్లకీ తెలుసు. ఈ అలర్జీ ఎలాంటిదంటే ఒకసారి ఒంటికి పట్టుకుంటే చాలా ఏళ్ళు ఉంటుంది, తర్వాత ఏ షాంపూలో, ఏ ఫ్లోర్ క్లీనర్‌లో ఆ పదార్థం ఉన్నా చేతులు దురదపెడతాయి. అందుకే యూరోపియన్ యూనియన్‌లో 26 సువాసన పదార్థాలని పేరుపేరునా లేబుల్ మీద రాయాలని చాలా ఏళ్ళ నుంచి రూల్ ఉంది, 2023 లో ఆ లిస్టుని పెంచి 80 దాటించారు. ఒంటి మీద ఉంచుకునే క్రీముల్లో అయితే 0.001 శాతం దాటితే చాలు, పేరు రాయాల్సిందే. చెట్టు నుంచి తీసిన నూనెలో ఉన్నా, ల్యాబులో చేసినా తేడా లేదు.

మన దగ్గర రూల్ ఏంటంటే, 2020 లో వచ్చిన కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం పదార్థాల లిస్టు రాయాలి, 1 శాతం కంటే ఎక్కువ ఉన్నవాటిని ఎక్కువ నుంచి తక్కువకి వరుసలో రాయాలి. కానీ చిన్న ప్యాకులకి మినహాయింపు ఉంది, లిక్విడ్ అయితే 60 మిల్లీలీటర్ల లోపు, గట్టివి, క్రీముల్లాంటివి అయితే 30 గ్రాముల లోపు ఉంటే లిస్టు రాయక్కర్లేదు. మీరు అమ్మే వాటిలో సగం ఈ సైజువే! లిప్ బామ్ అంతా కలిపి పది గ్రాములు ఉండదు, అది రోజంతా పెదాల మీద ఉంటుంది, లోపలికి కూడా పోతుంది, దాని మీద మాత్రం ఏమీ రాసి ఉండదు. చట్టం వదిలేసింది కదా అని మీరు వదిలెయ్యకండి. డబ్బా మీద చోటు లేకపోతే ఒక చిన్న కాగితం మడిచి రబ్బరు బ్యాండ్ వేసి ఇవ్వండి, మూత లోపల అతికించండి, ఏదో ఒకటి. పెద్ద కంపెనీలు చెయ్యని పని మీరు చేసినట్టు ఉంటుంది.

నేచురల్, ప్యూర్, ఆర్గానిక్ అని పెద్ద అక్షరాలతో రాసుకునేవాళ్ళు ఇంకోటి కూడా తెలుసుకోవాలి. 2024 అక్టోబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ పర్యావరణం పేరు చెప్పి చేసే తప్పుడు ప్రచారం మీద గైడ్‌లైన్స్ తెచ్చింది, ఇలాంటి మాటలు ఆధారం చూపించకుండా ఊరికే వాడకూడదని అందులో ఉంది. కొన్నవాళ్ళు 1915 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి కంప్లైంట్ ఇవ్వొచ్చు. బెదిరించడానికి చెప్పట్లేదు, రేపు మీలో ఎవరికో నోటీసు వచ్చి కష్టపడి కట్టుకున్న చిన్న వ్యాపారం ఆగిపోతే నాకు బాధ.

"ప్రిజర్వేటివ్ లేదు", అంటే చెడిపోకుండా ఉంచే పదార్థం వెయ్యలేదు అని గొప్పగా రాయడం గురించి కూడా ఆలోచించండి. నూనె, మైనం, పిండి మాత్రమే ఉన్న క్రీములో నీళ్ళు లేవు కాబట్టి పెద్ద ఇబ్బంది లేదు. కలబంద జెల్, రోజ్ వాటర్ టోనర్, నీళ్ళు కలిపిన లోషన్, వీటిలో ప్రిజర్వేటివ్ లేకపోతే బాక్టీరియా, బూజు పెరుగుతాయి, కంటికి కనిపించకముందే పెరుగుతాయి. మా చిన్నమ్మ కూతురు అలాంటి టోనర్ ఒకటి కొని బాగా ఖర్చుపెట్టాం కదా అని ఎండాకాలం అంతా పొదుపుగా వాడింది, లోపల తెల్లగా తేలే పోగులు కనిపించేదాకా. అలాంటివి అమ్మాలంటే సరైన ప్రిజర్వేటివ్ సరైన మోతాదులో వెయ్యండి, వేశామని ధైర్యంగా రాయండి. పారాబెన్ అనే రకం ప్రిజర్వేటివ్ మీకు ఇష్టం లేకపోతే వేరేవి చాలా ఉన్నాయి. అసలు ఏదీ లేకుండా మాత్రం వద్దు. స్టాల్ దగ్గర టెస్టర్ డబ్బాలో వచ్చిన ప్రతివాళ్ళూ వేలు పెట్టడం కూడా ఆపించండి, ఒక చిన్న చెక్క పుల్లల డబ్బా పక్కన పెడితే సరిపోతుంది.

కొబ్బరినూనె 24, 25 డిగ్రీలకే కరిగిపోతుంది. బెంగళూరు చల్లని ఊరు అనే రోజులు పోయాయి, 2024 ఏప్రిల్‌లో ఇక్కడే 38 డిగ్రీలు దాటింది. వేసవి సెలవులకి అనంతపురం బస్సెక్కితే బ్యాగులో డబ్బా మొత్తం నూనె అయిపోయి, పిండి, సోడా అడుగున చేరుతాయి, మళ్ళీ గట్టిపడ్డాక పైన నూనె, కింద సోడా ముద్ద, ఆ అడుగుది రాసుకున్న రోజు మంట ఇంకా ఎక్కువ. తేనెమైనం కొంచెం ఎక్కువ వేసి ఎండాకాలం బ్యాచ్ వేరేగా చెయ్యొచ్చేమో చూడండి, లేదంటే కరిగితే బాగా కలిపి ఫ్రిజ్‌లో పెట్టమని ఒక లైన్ రాయండి చాలు.

ఇప్పుడు ఆ తెల్లబడే క్రీముల సంగతి. మీలో కొద్దిమంది, అందరూ కాదు, సొంతంగా చేసిన సబ్బుల పక్కనే ఎవరి దగ్గరో తెచ్చిన ఫెయిర్‌నెస్ క్రీములు కూడా పెడుతున్నారు, తయారీదారు పేరు లేదు, లైసెన్స్ నంబర్ లేదు, బ్యాచ్ నంబర్ లేదు, "హెర్బల్, నాన్ టాక్సిక్" అని మాత్రం ఉంటుంది. 2023 లో కేరళ మలప్పురం జిల్లాలో ఇలాంటి క్రీములు వాడినవాళ్ళకి కిడ్నీలు దెబ్బతిన్నాయని డాక్టర్లు గుర్తించారు, కారణం పాదరసం. మన రూల్స్ ప్రకారం క్రీముల్లో పాదరసం అనుకోకుండా కలిసినా 1 పీపీఎం దాటకూడదు, అంటే పది లక్షల పాళ్ళలో ఒక పాలు. వారంలో తెల్లబడ్డామని కొన్నవాళ్ళు సంతోషపడే క్రీమ్‌నే ముందు అనుమానించాలి. అలాగే గంటలో నల్లగా పండే గోరింటాకు కోన్‌లు కూడా, గోరింటాకు ఎర్రగా పండుతుంది తప్ప గంటలో నల్లగా పండదు, అలా పండిందంటే అందులో జుట్టు రంగుల్లో వాడే పీపీడీ లాంటిది కలిసి ఉండే అవకాశం ఎక్కువ, చర్మం బొబ్బలెక్కుతుంది. మీ చేత్తో చెయ్యనిది, ఏముందో మీకే తెలియనిది మీ స్టాల్ మీద పెట్టకండి. మీ మంచి సబ్బు పేరు కూడా దాంతోపాటే పోతుంది.

లైసెన్స్ గురించి నాకు తెలుసు, ఇంటి వంటగదిలో చేసేవాళ్ళకి అది పెద్ద కొండ. కాస్మెటిక్స్ తయారుచేసి అమ్మాలంటే రాష్ట్ర లైసెన్సింగ్ అథారిటీ దగ్గర లైసెన్స్ తీసుకోవాలి, చోటు, పరికరాలు, చదువుకున్న మనిషి, ఇవన్నీ అడుగుతారు. ఒక్కొక్కరికీ కష్టం. నలుగురైదుగురు కలిసి ఒక చోటు తీసుకుని చెయ్యడమో, లైసెన్స్ ఉన్న తయారీదారు దగ్గర మీ ఫార్ములా చేయించుకోవడమో కుదురుతుందేమో మాట్లాడుకోండి. ఈ ఊరికి ఇది కొత్త పని కాదు కదా, వందేళ్ళ క్రితమే ఇక్కడ ప్రభుత్వమే గంధం సబ్బు చేసింది, ఆ ఫ్యాక్టరీ పేరుతో మెట్రో స్టేషన్ కూడా ఉంది, సబ్బు గురించి తెలిసిన పాత మనుషులు, ల్యాబులు దొరకని ఊరు కాదిది.

ఏది పనిచేసిందో కూడా చెప్పాలి, ఊరికే తప్పులే చెప్తే బాగోదు. సోడా బదులు మెగ్నీషియం హైడ్రాక్సైడ్ వేసిన క్రీమ్ ఒకటి మీలో ఒకావిడ దగ్గరే కొన్నాను, సోడా అంత గట్టిగా పనిచెయ్యదు, మధ్యాహ్నం ఒకసారి తుడుచుకుని మళ్ళీ రాసుకోవాలి, అయినా నా చర్మం ఒక్కరోజు కూడా కందలేదు. జింక్ రిసినొలియేట్ అని ఇంకోటి ఉంది, అది ఆముదం నుంచి వచ్చే ఆమ్లంతో చేస్తారు, వాసనని పట్టి ఉంచుతుంది, దాంతో చేసిన స్టిక్ ఇప్పుడు మా ఇంట్లో అందరం వాడుతున్నాం, సెంటు లేనిది, అమ్మకి దగ్గు రాదు. మా అమ్మ అయితే ఇవేవీ కాదు, సున్నిపిండితో రుద్ది స్నానం చేసి బాగా తుడుచుకుని కాటన్ జాకెట్టు వేసుకుంటే సగం పని అయిపోతుంది అంటుంది, అది కూడా నిజమే, తడి చంక మీద రాస్తే ఏ క్రీమైనా సరిగ్గా పట్టదు.

సెంటు లేని రకం ప్రతి ఒక్కరూ ఒకటైనా చెయ్యండి. ఆయాసం ఉన్నవాళ్ళు, నెలలు నిండుతున్న ఆడపిల్లలు, అప్పుడే మొదటిసారి డియోడరెంట్ అడిగే పన్నెండేళ్ళ పిల్లలు, వీళ్ళు అడుగుతారు, దొరకడం లేదు. చిన్న శాంపిల్ డబ్బా కూడా అమ్మండి, ఊరికే ఇవ్వక్కర్లేదు, డబ్బులకే అమ్మండి. దాన్ని మోచేతి మడతలో రోజూ రెండుసార్లు ఒక వారం, పది రోజులు రాసి చూసి, ఏమీ కాకపోతే పెద్దది కొనుక్కోమని చెప్పండి. షేవ్ చేసిన రోజు రాయొద్దని చెప్పండి. ఎర్రబడితే ఆపేసి డాక్టర్ దగ్గరికి పొమ్మని చెప్పండి, కొనసాగించమని కాదు.

లేబుల్ ప్రింటింగ్‌కి ఖర్చవుతుంది, ఇంగ్లీషులో ఆ పేర్లు రాస్తే కొనేవాళ్ళకి అర్థం కాదు అని ఒకావిడ నాతో అన్నారు. ఇంగ్లీషు పేర్లు ఎలాగూ ఉండాలి, డాక్టర్ చూసేది అవే. పక్కన తెలుగులో కావాలంటే నేను రాసిస్తా, కన్నడలో రాయడానికి మా పక్కింటావిడ ఒప్పుకుంది. మీ లిస్టు, ఏది ఎంత శాతం వేశారో కాగితం మీద రాసి స్టాల్ దగ్గర ఉంచండి, ఆదివారం వచ్చినప్పుడు నేనే తీసుకెళ్ళి రాసి తెచ్చిస్తాను.

ఇట్లు
మారతహళ్ళి నుంచి, మీ దగ్గర కొనే ఒక చెల్లెలు